చెవులున్న ఆయుధం

1971 డిసెంబర్ 9. డయ్యూకు దక్షిణాన అరేబియా సముద్రంలో మన నౌకాదళానికి చెందిన రెండు ఫ్రిగేట్లు, ఖుక్రీ, కృపాణ్, ఒక పాకిస్తాన్ జలాంతర్గామి కోసం గాలిస్తున్నాయి. దాని పేరు హంగోర్. వెతుకుతున్న వాళ్లకు అది వినపడలేదు. దానికి మాత్రం వీళ్లిద్దరూ పొద్దుటి నుంచే వినపడుతున్నారు.

హంగోర్ ఫ్రాన్స్‌లో తయారైన డాఫ్నే తరగతి జలాంతర్గామి. కమాండర్ అహ్మద్ తస్నీమ్. నీటి అడుగున బ్యాటరీల మీద నడిచేటప్పుడు దానికి వేగం లేదు. ఫ్రిగేట్ల వెంటపడి అందుకోవడం దాని వల్ల అయ్యే పని కాదు. కాబట్టి వెంటపడలేదు. ఈ రెండు నౌకలూ ఎటు వెళ్తున్నాయి, ఎక్కడ మలుపు తిరుగుతున్నాయి, మళ్లీ ఎటు వస్తున్నాయి అని గంటల తరబడి విన్నది. గస్తీకి ఒక వరస ఉంటుంది కదా, ఆ వరస దానికి పట్టుబడింది. ఇక వాళ్లు రాబోయే దారిలో ముందుగా చేరి, చీకటి పడ్డాక లోతులో కాచుకుని కూర్చుంది. పెరిస్కోప్ పైకెత్తి చూడాల్సిన అవసరం కూడా లేకుండా, నీటిలో శబ్దాలు వినే సోనార్ చెప్పిన లెక్కలతోనే, నీటి కింద దూసుకెళ్లి పేలే టార్పెడో వదిలింది.

మొదటిది కృపాణ్ కింద నుంచి పేలకుండా పోయింది. రెండోది ఖుక్రీ అడుగున పేలింది. రెండు నిమిషాల్లోనే నౌక మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేసి, నౌకతోపాటే సముద్రంలోకి వెళ్లిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జలాంతర్గామి దెబ్బకు మునిగిన తొలి యుద్ధనౌకగా ఖుక్రీ చరిత్రకెక్కింది.

ఆ యుద్ధం మనం గెలిచాం. డిసెంబర్ 4న కరాచీ రేవు మీద జరిపిన క్షిపణి దాడిని ఏటా నౌకాదళ దినోత్సవంగా జరుపుకుంటాం. అది న్యాయమే. కానీ విశాఖపట్నంలో భారతీయ టార్పెడో ఎలా తయారైందో చెప్పాలంటే మాత్రం కరాచీ నుంచి మొదలుపెట్టకూడదు, ఖుక్రీ నుంచి మొదలుపెట్టాలి. ఆ రాత్రి ఓడిపోయింది మన నావికుల ధైర్యం కాదు. అవతలివాడి చెవి మన చెవి కన్నా దూరం విన్నది, అంతే.

నీటిలో చూపు అక్కరకు రాదు. వెలుతురు కొంత దూరం పోయేసరికి చచ్చిపోతుంది. రాడార్ తరంగాలను ఉప్పునీరు మింగేస్తుంది. శబ్దం ఒక్కటే గాలిలో కన్నా నాలుగింతలకు పైగా వేగంతో, సెకనుకు సుమారు 1,500 మీటర్ల చొప్పున, మైళ్లకు మైళ్లు పోతుంది. ఇది సముద్రం చూడనివాళ్లకు అర్థం కాని సంగతేమీ కాదు. మా జహీరాబాద్ చుట్టుపక్కల చెరకు, అల్లం పండించే రైతు రాత్రి కరెంటు కోసం బాయికాడ పడుకుంటాడు. కళ్లు తెరవకుండానే ఏ మోటారు ఎవరిదో, ఏది నిండుగా పోస్తోందో, ఏది నీళ్లందక ఉత్తగా తిరుగుతోందో చెప్పేస్తాడు. హంగోర్‌లో సోనార్ ముందు కూర్చున్న మనిషి చేసిందీ ఆ పనే. ప్రొపెల్లర్ చప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతోందో లెక్కపెడితే ఓడ వేగం తెలుస్తుంది. ఆ చప్పుడు తీరును బట్టి అది సరుకుల ఓడో, యుద్ధనౌకో తెలుస్తుంది. ఇలా ఊరికే వింటూ కూర్చుంటే మనం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అలా కాకుండా మనమే ఒక శబ్దం పంపి, దాని ప్రతిధ్వని కోసం చూస్తే అవతలి ఓడ దూరం కచ్చితంగా తెలుస్తుంది గానీ, మన ఉనికి కూడా బయటపడిపోతుంది. జలాంతర్గామి వేట అంతా ఈ రెంటి మధ్య ఎంపికే.

అయితే టార్పెడోకు ఈ వినికిడి పుట్టుకతో రాలేదు. అది పుట్టినప్పుడు గుడ్డిది, చెవిటిది కూడా.

ఇప్పుడు క్రొయేషియాలో రియెకా అని పిలిచే రేవు పట్నం, ఆనాడు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఫ్యూమె. అక్కడ జొవాన్ని లుప్పిస్ అనే విశ్రాంత నౌకాధికారికి ఒక ఆలోచన వచ్చింది: తీరం నుంచి తాళ్లతో నడిపే చిన్న పడవలో పేలుడు మందు నింపి శత్రు ఓడ మీదికి తోలితే ఎలా ఉంటుంది? 1864లో ఆయన ఆ ఊళ్లోనే ఇంజన్ల కార్ఖానా నడిపే ఇంగ్లిష్ ఇంజనీరు రాబర్ట్ వైట్‌హెడ్ దగ్గరికి వెళ్లాడు. వైట్‌హెడ్‌కు ఆ పడవ నచ్చలేదు, సమస్య నచ్చింది. తాళ్లు తీసేశాడు. పడవను నీటి కిందికి దించాడు. ఇనుప గొట్టంలో గాలిని కుక్కి, ఆ గాలి ఒత్తిడితోనే చిన్న ఇంజను తిరిగేలా చేశాడు. 1866 డిసెంబర్‌లో నౌకాదళ అధికారుల ముందు దాన్ని నడిపి చూపించాడు.

నడవడమైతే నడిచింది. ఒక లోతులో నిలకడగా నడవడమే కష్టమైంది. ఒకసారి నీటిపైకి తేలేది, ఒకసారి అడుగుకు పోయేది. లోతు పెరిగితే నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, ఆ ఒత్తిడికి కదిలే పళ్లేన్ని చుక్కానికి కలిపితే సరిపోతుందనుకున్నాడు. సరిపోలేదు. దిగాల్సిన దానికన్నా దిగి, ఎక్కాల్సిన దానికన్నా ఎక్కి, అలల మాదిరి ఊగుతూ పోయింది. అప్పుడు దానికి ఒక లోలకాన్ని జోడించాడు. ముక్కు కిందికి వంగితే లోలకం ముందుకు ఊగి, చుక్కానిని ముందే సర్దేస్తుంది. ఒత్తిడి పళ్లెం లోతును చూసుకుంటుంది, లోలకం వాలును చూసుకుంటుంది. ఈ జోడింపును కార్ఖానాలో ‘రహస్యం’ అనే పిలిచేవారు. ఆ రహస్యాన్నే వైట్‌హెడ్ దేశదేశాల నౌకాదళాలకు అమ్మాడు. కుడి ఎడమలకు పక్కదారి పట్టకుండా నడిపించే జైరోస్కోప్ మరో ముప్పై ఏళ్లకు, 1890ల్లో, లుడ్విగ్ ఓబ్రీ చేతుల మీదుగా వచ్చింది.

జలాంతర్గామి నుంచి వదిలిన టార్పెడో శక్తి ఏమిటో లోకానికి తెలిసింది 1914 సెప్టెంబర్‌లో. ఆ నెల 5న జర్మన్ జలాంతర్గామి యూ-21 స్కాట్లండ్ తీరంలో పాత్‌ఫైండర్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను ఒకే ఒక్క టార్పెడోతో ముంచింది. 22న యూ-9 సుమారు గంటన్నరలోనే మూడు పెద్ద బ్రిటిష్ క్రూజర్లను ముంచింది. 1,400 మందికి పైగా చనిపోయారు. అదే రోజు రాత్రి ఎండెన్ అనే జర్మన్ నౌక మద్రాసు రేవు మీద ఫిరంగులు కాల్చి చమురు ట్యాంకులు తగలబెట్టింది. మన కోస్తా జనం ఎండెన్ పేరును తరతరాలు చెప్పుకున్నారు. నౌకాయుద్ధాన్ని మార్చేసింది మాత్రం ఆ రోజు ఉత్తర సముద్రంలో ఎవరికీ కనపడకుండా వచ్చిన యూ-9.

తర్వాతి యుద్ధంలో అమెరికా నేర్చుకున్న పాఠం ఈ కథకు చాలా ముఖ్యం. 1942లో వాళ్ల మార్క్-14 టార్పెడోలు శత్రు ఓడల కింద నుంచి పోతున్నాయని జలాంతర్గాముల కెప్టెన్లు మొత్తుకుంటున్నా, తయారుచేసిన విభాగం వినలేదు. గురి చూడటం చేతకాని వాళ్ల మాటలని కొట్టిపారేసింది. చివరికి అడ్మిరల్ చార్లెస్ లాక్‌వుడ్ ఆస్ట్రేలియా తీరంలో జాలర్ల దగ్గర ఒక పెద్ద వల కొని, నీళ్లలో నిలువునా కట్టించి, దాని మీదికి టార్పెడోలు వదిలించాడు. పది అడుగుల లోతుకు సర్ది వదిలితే ఇరవై అయిదు అడుగుల దగ్గర వలకు చిల్లు పడింది. కాగితం మీద ఎవరు ఏం రాసినా చిల్లు అబద్ధం చెప్పదు. ఆయుధం తయారుచేసేవాడు దాన్ని నిజమైన సముద్రంలో, నిజమైన పరిస్థితుల్లో పరీక్షించకపోతే, ఆ పరీక్ష జరిగేది యుద్ధంలోనే.

ఇక చెవులు. 1943లో జర్మన్లు ఓడల ప్రొపెల్లర్ చప్పుడు విని దాని వైపు తిరిగే టార్పెడోలను వాడకంలోకి తెచ్చారు. అమెరికన్లు అదే ఏడాది జలాంతర్గాముల మీద విమానం నుంచి జారవిడిచే రకం తెచ్చారు. టార్పెడోకు కుడివైపు, ఎడమవైపు నీటి మైకులు. ఏ వైపు చప్పుడు గట్టిగా వినిపిస్తే ఆ వైపుకు చుక్కాని తిరుగుతుంది. మూలసూత్రం ఇంత సులువైనదే. దానికి విరుగుడు కూడా కొద్ది వారాల్లోనే వచ్చింది: ఓడల వెనక తాడుతో గోలచేసే పరికరాన్ని ఈడ్చుకుపోతే టార్పెడో దాని వెంట పోతుంది. వినే ఆయుధం, దాన్ని ఏమార్చే శబ్దం అప్పటినుంచి కలిసే పెరుగుతున్నాయి.

ఏమార్చడంలో మన తూర్పు తీరంలో జరిగిన సంఘటనకు సాటి వచ్చేవి తక్కువ. ఖుక్రీ మునగడానికి అయిదు రోజుల ముందటి మాట.

1971 నవంబర్ 14న ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి కరాచీ నుంచి బయలుదేరి, భారత ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. అది 1944లో అమెరికాలో డయాబ్లో పేరుతో జలప్రవేశం చేసిన పాత ఓడ. అంత దూరం వెళ్లి రాగల జలాంతర్గామి పాకిస్తాన్‌కు అదొక్కటే. దాని వేట మన విమాన వాహక నౌక విక్రాంత్. విక్రాంత్‌కు బాయిలర్ పగుళ్ల వల్ల పూర్తి వేగం లేదు. జలాంతర్గామికి చిక్కితే తప్పించుకోవడం కష్టం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్‌కు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా చేశారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ నుంచి వస్తున్నట్టే రేడియో సందేశాలు పంపించారు. వాటిలో ఒకటి, ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం గురించి ఆరా తీస్తున్నట్టు బహిరంగంగా పంపిన తంతి. అంత పెద్ద నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు కావాలని కాంట్రాక్టర్లకు ఆర్డర్లు ఇచ్చారు; బజారులో మాట పుడితే వేగుల చెవిన పడకుండా పోదు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే ఘట్టం ఇది. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. శత్రువు ఎక్కడెక్కడ చెవులు పెట్టాడో ఊహించి, అక్కడక్కడే చప్పుడు చేశారు.

డిసెంబర్ 3 అర్ధరాత్రి ముందు రాజ్‌పుత్ విశాఖ రేవు దాటి వెళ్తుండగా, జలాంతర్గామి జాడ అనుమానం వచ్చి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నీటి లోతులో పేలే బాంబులు, డెప్త్ చార్జీలు, వేయించారు. కాసేపటికి తీరంలో ఇళ్ల కిటికీలు అదిరేంత పేలుడు. తెల్లవారాక వేటకు వెళ్లిన జాలర్లకు నీటిపై నూనె తెట్టు, తేలుతున్న సామాన్లు కనిపించాయి. వాళ్లు తెచ్చిన లైఫ్ జాకెట్‌తో సంగతి బయటపడింది. నౌకాదళం గజ ఈతగాళ్లు దిగి చూస్తే అడుగున ఘాజీ. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఎవరూ బతకలేదు. డెప్త్ చార్జీల వల్లనే అని మన నౌకాదళం చెబుతుంది. తాను పరిచిన మందుపాతరల వల్లో, లోపలి ప్రమాదం వల్లో పేలిందని పాకిస్తాన్ వాదన. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసినవాళ్లు మన జలాంతర్గామే దాన్ని టార్పెడోతో కొట్టిందనుకుంటారు. ఆ పోరాటం కల్పన. విక్రాంత్ కోసం అంత దూరం వచ్చిన ఘాజీకి, దాని మీద ఒక్క టార్పెడో వదిలే అవకాశం కూడా దక్కలేదన్నది నిజం.

తూర్పున మనం శత్రువు చెవిని ఏమార్చాం. పడమర శత్రువు చెవి మన చెవిని మించింది. ఖుక్రీలో ఆ రాత్రి మరో విషాదం ఉంది. లెఫ్టినెంట్ వి.కె. జైన్ అనే యువ అధికారి, నౌకలోని సోనార్ ఇంకా దూరం వినేలా ఒక మార్పు రూపొందించి, దాన్ని పరీక్షించడానికి అదే నౌకలో ఉన్నాడు. ఓడ తన వేగంతో తానే చేసే గోల తగ్గితేనే ఆ పరికరం పనిచేసేది తెలుస్తుంది కాబట్టి వేగం తగ్గించాల్సి వచ్చింది. జలాంతర్గామి పొంచి ఉన్న నీళ్లలో నెమ్మదిగా వెళ్లడం ప్రమాదమని అందరికీ తెలుసు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని నౌకాదళంలో ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే జైన్‌ను తప్పుపట్టడానికి మనసొప్పదు. మన నౌకలకు మంచి చెవి లేదని తెలుసుకుని, దాన్ని తన చేతులతో సరిచేయబోయి, ఆ పని మీదే ప్రాణం వదిలాడు.

సొంత టార్పెడో కావాలన్న ఆలోచన మాత్రం ఖుక్రీ తర్వాత పుట్టింది కాదు. విశాఖపట్నంలో నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ, అందరూ ఎన్‌ఎస్‌టీఎల్ అనేది, 1969లోనే మొదలైంది. కానీ ఆ డిసెంబర్ తర్వాత ఆ ప్రయోగశాల పనికి ఉన్న బరువు వేరు. అప్పట్లో మన నావికుల చేతుల్లో ఉన్న టార్పెడోలన్నీ విదేశాలవే. కొన్న ఆయుధం ఎలా వింటుందో, ఏ చప్పుడుకు మోసపోతుందో అమ్మినవాడికి తెలుసు, కొన్నవాడికి తెలియదు. తుపాకీ విషయంలో ఇది పెద్ద లోటు కాదు. వినే ఆయుధం విషయంలో ప్రాణాంతకం.

పైగా నీరంతా ఒక్క తీరుగా ఉండదు. మధ్యాహ్నం ఎండకు సముద్రపు పైపొర వేడెక్కితే, శబ్దం ఆ వేడి పొర నుంచి కిందికి వంగిపోయి, పొంచి ఉన్న జలాంతర్గామిని తాకకుండానే పోతుంది. వెనకటి రోజుల్లో పొద్దున బాగా పనిచేసిన సోనార్ మధ్యాహ్నం మొరాయిస్తుంటే, భోజనం చేసి కునుకు తీస్తున్నారని ఆపరేటర్లను అనుమానించిన నౌకాదళాలున్నాయి. మన బంగాళాఖాతం ఇంకా చిక్కుది. గంగ, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలమంతా తెచ్చి పోసిన మంచినీరు ఉప్పునీటిపై పొరగా పరుచుకుంటుంది. వేడి, ఉప్పు, లోతు మూడూ కలిసి శబ్దం దారిని మలుపులు తిప్పుతాయి. ఐరోపా చల్లని నీళ్లలో సానపట్టిన చెవి ఇక్కడ అలాగే వింటుందని నమ్మడానికి లేదు. టార్పెడో ప్రయోగశాల విశాఖలో ఉండటంలోని బలం ఇక్కడే ఉంది. అది పనిచేయాల్సిన నీళ్లు గుమ్మం ముందే ఉన్నాయి.

ఆ ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన నీటి కాలువ ఉంది. పైన పట్టాల మీద నడిచే బండికి ఓడల, టార్పెడోల నమూనాలను తగిలించి వేగంగా లాగుతూ, నీరు వాటిని ఎలా అడ్డుకుంటుందో కొలుస్తారు. మరో సొరంగంలో ప్రొపెల్లర్ రెక్కల చుట్టూ బుడగలు ఎప్పుడు పుడతాయో చూస్తారు. ఈ బుడగలే అసలు శత్రువు. రెక్క మరీ వేగంగా తిరిగితే దాని వెనక ఒత్తిడి పడిపోయి నీరు చన్నీటిలోనే ఆవిరి బుడగలుగా మారుతుంది. అవి పగిలేటప్పుడు వచ్చే గోల రెండు విధాల నష్టం: శత్రువుకు టార్పెడో వస్తున్నట్టు తెలిసిపోతుంది, టార్పెడో తన చప్పుడులో తాను మునిగి శత్రువును వినలేకపోతుంది. అందుకే రెక్కల వంపును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతారు. ఒకే ఇరుసు వరసలో రెండు ప్రొపెల్లర్లు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి; లేకపోతే ఆ పొడవాటి గొట్టం తనచుట్టూ తానే పొర్లిపోతుంది.

మొదట నౌకాదళం చేతికి అందింది చిన్నది. శ్యేన, అంటే డేగ. 2012 మార్చిలో చేరింది. బరువు 220 కిలోలు. నౌక నుంచే కాక హెలికాప్టర్, విమానం నుంచి కూడా పారాచూట్‌తో జారవిడవచ్చు. దాని బ్యాటరీ నీళ్లలో పడేదాకా నిద్రపోతూనే ఉంటుంది. సముద్రపు నీరు లోపలికి చేరాకే రసాయన చర్య మొదలై కరెంటు పుడుతుంది. ఏళ్ల తరబడి గోదాములో ఉన్నా బ్యాటరీ దిగిపోయిందేమో అన్న బెంగ ఉండదు. ఈ టార్పెడో తర్వాత మయన్మార్‌కు ఎగుమతి కూడా అయింది.

పెద్దది వరుణాస్త్ర. 2016 జూన్ 29న అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ దాన్ని నౌకాదళానికి అప్పగించారు. బరువు సుమారు ఒకటిన్నర టన్ను, పొడవు ఏడున్నర మీటర్లకు పైనే. అడ్డుకొలత 533 మిల్లీమీటర్లు, మూర కన్నా కొంచెం ఎక్కువ. ప్రపంచంలో చాలా నౌకాదళాల పెద్ద టార్పెడో గొట్టాలకు ఇదే కొలత. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళితే ఆ గొట్టాల మూతులు పక్కనే నిలబడి చూడవచ్చు. వరుణాస్త్ర ముక్కులో 250 కిలోల పేలుడు పదార్థం, నడుమ వెండి-జింకు బ్యాటరీలు. వేగం 40 నాట్లు, అంటే గంటకు 70 కిలోమీటర్లు దాటి. దూరం 40 కిలోమీటర్ల వరకు. చప్పుడు విని పోగలదు, అవసరమైతే తానే శబ్దం పంపి ప్రతిధ్వని పట్టుకోగలదు. వెనక నుంచి విప్పుకుంటూ పోయే సన్నని తీగ ద్వారా నౌక దానికి దారి చెబుతుంది.

పేలే టార్పెడో ఒకసారికే పనికొస్తుంది. కానీ దాన్ని తీర్చిదిద్దాలంటే ఎన్నోసార్లు నడపాలి. కాబట్టి పరీక్షలకు పేలుడు పదార్థం ఉండే వార్‌హెడ్ స్థానంలో కొలతలు నమోదుచేసే పరికరాలు పెడతారు. పరుగు పూర్తయ్యాక అది నీటిపైకి తేలుతుంది. ఒక ఎర్రటి గొట్టం అలల మధ్య ఎక్కడ తేలిందో వెతకడం, అందులోనూ బంగాళాఖాతంలో, మామూలు పని కాదు. తేలిన చోటును తానే తెలియజేసేలా వరుణాస్త్రకు జీపీఎస్ సాయం అమర్చారు. దొరికిన ప్రతి టార్పెడో తనతో ఒక పరుగు కథను తెస్తుంది: ఎప్పుడు విన్నది, ఎటు తిరిగింది, ఎక్కడ మోసపోయింది. ఆనాడు ఆస్ట్రేలియా తీరంలో జాలరి వల చేసిన పనిని ఇప్పుడు ఈ నమోదులు చేస్తున్నాయి. 2023 జూన్‌లో నౌకాదళం అసలు వార్‌హెడ్‌తోనే నీటి అడుగున లక్ష్యాన్ని కొట్టి చూసింది.

తయారీ భారత్ డైనమిక్స్‌ది. హైదరాబాద్ కేంద్రంగా 1970లో మొదలైన ఈ సంస్థకు టార్పెడోల కోసం విశాఖలో యూనిట్ ఉంది. 2019లో వరుణాస్త్రల కోసం నౌకాదళంతో 1,187 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. 2020 నవంబర్‌లో విశాఖ నుంచి మొదటి వరుణాస్త్ర బయటికి వచ్చింది. ఇదే సంస్థకు మా సంగారెడ్డి జిల్లా భానూరులో కూడా కర్మాగారం ఉంది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ బస్సెక్కిన పిల్లలు పటాన్‌చెరు చేరేలోపు ఎద్దుమైలారం, భానూరు దారులు దాటుతారు. ఒకచోట యుద్ధ శకటాలు, ఇంకొకచోట క్షిపణులు. ఐటీఐలో లేత్ మీద పని నేర్చుకునే మా పిల్లలకు నేను చెప్పేదొకటే. ఈ కథలో వైట్‌హెడ్ కూడా ముందు కార్ఖానా మనిషే. లోలకాన్ని చుక్కానికి కలపాలన్న ఊహ యంత్రంతో చేతులు కలిపి పనిచేసినవాడికే వస్తుంది.

విశాఖ ప్రయోగశాల టార్పెడోతో ఆగలేదు, టార్పెడో నుంచి కాపాడే పరికరాన్నీ చేసింది. కొచ్చిలోని నౌకాదళ భౌతిక, సముద్రశాస్త్ర ప్రయోగశాలతో కలిసి తయారుచేసిన మారీచ్ 2020 జూన్‌లో చేరింది. ఓడ వెనక ఈదుతూ వచ్చే దాని చెవి, టార్పెడో వస్తున్నట్టు పసిగడుతుంది. వెంటనే నీళ్లలోకి జారే డెకాయ్‌లు నౌకలాగే గోలచేస్తూ టార్పెడోను తమ వైపు లాక్కుపోతాయి. బంగారు లేడిగా మారి రాముణ్ని తన వెంట దూరం లాక్కుపోయినవాడి పేరు దీనికి ఎంతో అతికింది. ఇలాంటిది ఖుక్రీకి ఉంటే అని అనుకోకుండా ఉండటం నాకు సాధ్యం కాదు.

సాధించింది గొప్పదే. పట్టిన కాలం మాత్రం చాలా ఎక్కువ. 1969లో ప్రయోగశాల, 2016లో పెద్ద టార్పెడో. ఈ మధ్యలో ఆలస్యం ఖరీదేమిటో కొత్త జలాంతర్గాముల విషయంలో తేలింది. ఫ్రెంచ్ నమూనాతో ముంబైలో కట్టిన కల్వరి 2017 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరింది. ఆ తరగతి కోసం కొనదలచిన ఇటలీ బ్లాక్ షార్క్ టార్పెడోల ఒప్పందాన్ని, వాటి తయారీ కంపెనీ మాతృసంస్థ హెలికాప్టర్ల కొనుగోలు కుంభకోణంలో చిక్కుకోవడంతో అంతకుముందే రద్దు చేశారు. కోట్లు పోసి కట్టిన కొత్త జలాంతర్గాములు పాత తరం జర్మన్ టార్పెడోలతో సర్దుకోవాల్సి వచ్చింది. వేటగాడికి కొత్త కళ్లు, కొత్త కాళ్లు ఇచ్చి పాత బాణం చేతిలో పెట్టడం అది. ఇందులో తప్పు ఇంజనీర్లది కాదు. సొంత ఆయుధానికి ఏళ్ల తరబడి అరకొర నిధులు, అరకొర పరీక్షలు ఇచ్చి, బయటి నుంచి కొనుక్కోవచ్చులే అనుకున్న ధోరణిది.

వరుణాస్త్రను రూపొందించింది నీటిపై నడిచే నౌకల కోసం. జలాంతర్గామి గొట్టం నుంచి వెళ్లడం ఇంకో పని. గొట్టంలో పట్టినంత మాత్రాన సరిపోదు. నౌక సోనార్ విన్నది కంప్యూటర్‌కు చేరాలి, కంప్యూటర్ కట్టిన లెక్క టార్పెడోకు అర్థమయ్యే భాషలో గొట్టంలోకి రావాలి. తలుపు తెరిచి, నీరు నింపి, టార్పెడోను బయటికి తోసేటప్పుడు జలాంతర్గామి ఉనికి బయటపడేంత చప్పుడు కాకూడదు. తీగ తెగకూడదు. కంప్యూటర్ ఫ్రెంచ్‌వాళ్లది, టార్పెడో మనది. అందుకే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపొందిస్తున్న ఎలక్ట్రానిక్ హెవీవెయిట్ టార్పెడోను కల్వరి తరగతికి అమర్చడానికి 2024 డిసెంబర్ 30న ఫ్రాన్స్ నేవల్ గ్రూప్‌తో సుమారు 877 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. అది పూర్తయి, కల్వరి గొట్టం నుంచి విశాఖలో రూపొందిన టార్పెడో బయలుదేరిన రోజున, మన జలాంతర్గామి తన చెవితో విన్నదాన్ని తన ఆయుధంతోనే కొట్టగలుగుతుంది.